తిండి ప్రశ్నలు: మిషన్ పేట బురీటోలో డబ్బు దేనికి పోతోంది?

పోయిన నెల ఈ శీర్షికలో శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ పేట బురీటోల గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకని ఈసారి మొత్తం వాటికే. కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క మాట: వెడల్పాటి మైదా రొట్టె, అంటే టోర్టియా, దాన్లో అన్నం, ఉడికించిన బీన్సు, మాంసమో కూరగాయలో, సల్సా అనే పచ్చడి పెట్టి, పొట్లంలా చుట్టి, సిల్వర్ ఫాయిల్‌లో ఇచ్చే మెక్సికన్ తిండి బురీటో. మిషన్ అనేది మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు తరాలుగా ఉంటున్న పేట. నేను 1999లో ఆ చుట్టుపక్కల ఒక ల్యాబులో ఉద్యోగానికి చేరాను. అప్పట్నుంచీ తింటూనే ఉన్నాను.

ప్రశ్న: అక్కా, జూన్‌లో మా అత్తగారూ మామగారూ విజయవాడ నుంచి వస్తున్నారు. వాళ్లకి మిషన్ బురీటో తినిపించాల్సిందేనని మా అబ్బాయి పట్టుబట్టాడు. అత్తగారు శాకాహారి. మామగారు కోడి, చేప తింటారు, మిగతావి ముట్టరు. లా టకేరియా, ఎల్ ఫరోలితో, కాన్‌కూన్, పాంచో వియా, పపలోటే... ఒక్కొక్కరు ఒక్కో కొట్టు పేరు చెబుతున్నారు. మాకు ఒక్క రోజే కుదురుతుంది. రుచికీ డబ్బుకీ ఏది మేలు?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: అమ్మా, నీకు పేర్లు చెప్పినవాళ్లలో తప్పు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. కాకపోతే మీ అత్తగారు ఏం తింటారో, మామగారు ఏం తింటారో కనుక్కుని చెప్పినవాళ్లు కూడా లేరు. మన ఇళ్లలో అసలు చిక్కంతా అక్కడే.

లా టకేరియా సంగతే చూడు. మిషన్ వీధిలో, 25వ వీధికి దగ్గర్లో ఉంటుంది. 1973లో పెట్టారు. 2014లో ఫైవ్‌థర్టీఎయిట్ అనే వెబ్‌సైటు వాళ్లు దేశం మొత్తం మీద 64 బురీటోలను పోటీకి దింపి, ఊరూరా తిరిగి తిని, చివరికి దీన్నే గెలిపించారు. 2017లో అమెరికాలో రెస్టారెంట్లకి అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ల ‘అమెరికాస్ క్లాసిక్స్’ గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరుకి తగ్గ కొట్టే. కానీ ఆ పేరు ప్రధానంగా దేని మీద వచ్చింది? కార్నితాస్ మీద, కార్నె అసాదా మీద. మొదటిది పంది మాంసం, కొవ్వులో నెమ్మదిగా మగ్గబెట్టి చేస్తారు. రెండోది కాల్చిన గొడ్డుమాంసం. ఈ రెండూ ముట్టనివాళ్లు అక్కడికి వెళ్తే ఆ పేరులో సగం వాళ్ల నోటికి అందదు, ధర మాత్రం పూర్తిగా కట్టాలి. కోడి బురీటో బాగుంటుంది, నేనూ చాలాసార్లు తిన్నాను. అయినా పెద్దవాళ్లని అంత క్యూలో నిలబెట్టి తినిపించేంత తేడా కోడి దగ్గర లేదు.

మీ అత్తగారిని దృష్టిలో పెట్టుకుంటే నా ఓటు పపలోటేకి. 24వ వీధి, వలెన్సియా వీధి కలిసేచోట ఉంటుంది. పపలోటే అంటే గాలిపటం. శాకాహారమంటే అక్కడ మాంసం తీసేసిన ఖాళీ బురీటో కాదు. కూరగాయలు, టోఫూ, సోయాతో చేసిన చొరీసో (మసాలా సాసేజ్ లాంటిది), ఇలా వాటికంటూ మెనూలో చోటుంది. ఇక ఆ టమాటా సల్సా! నారింజ రంగులో, చిక్కగా, కాల్చిన టమాటా వాసనతో ఉంటుంది. మొదటిసారి నాకు రోట్లో నూరిన టమాటా పచ్చడే గుర్తొచ్చింది. మామగారికి కూడా అక్కడే కోడి బురీటో చెప్పు. వాళ్లిద్దరూ కూర్చుని నిదానంగా తింటారు.

మీ అబ్బాయికి మాత్రం ఫరోలితో. 24వ వీధి స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా కనిపిస్తుంది. డాలరుకి ఎంత తిండి అనే లెక్కలో ఈ ఐదింట్లో నేను దాన్నే ముందు పెడతాను. కుర్రవాళ్ల ఆకలికి ఆగేది అదే. సూపర్ అడిగితే, అంటే చీజ్, సవర్ క్రీమ్ (పుల్లటి మీగడ), అవకాడో కూడా వేసేది, అవకాడో ముక్కలు ధారాళంగా వేస్తారు. అర్ధరాత్రి దాటినా జనం ఉంటారు. చేతిలో కొంచెం నోట్లు ఉంచుకో.

మిగతా రెండూ చిన్నచూపు చూడాల్సినవి కావు, మీ దారిలో లేవంతే. కాన్‌కూన్ మిషన్ వీధిలోనే, 19వ వీధి దగ్గర. అక్కడ టోర్టియాని ఆవిరిలో మెత్తబెట్టి వదిలెయ్యరు, పెనం మీద కాలుస్తారు. అది నాకు చాలా ఇష్టం. వాళ్ల కూరగాయల బురీటోకి ఊళ్లో మంచి పేరుంది. పాంచో వియా 16వ వీధిలో. కూరలన్నీ అద్దం వెనకాల పరిచి ఉంటాయి, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కూడా వేలుపెట్టి చూపించి అడగొచ్చు. సల్సాలు వరసగా గిన్నెల్లో పెట్టి ఉంటాయి, కావలసినన్ని వేసుకోవచ్చు. మా అమ్మకి మొదట చూపించింది ఆ కొట్టే.

ఫ్రీమాంట్‌లో గ్రీన్ లైన్ బార్ట్ రైలు ఎక్కితే మధ్యలో మారకుండా 24వ వీధి మిషన్ స్టేషన్‌లో దిగొచ్చు. రాత్రిపూట ఆ లైను నడవదు కాబట్టి మధ్యాహ్న భోజనానికి పెట్టుకో. స్టేషన్ నుంచి ఫరోలితో, లా టకేరియా, పపలోటే మూడూ ఐదారు నిమిషాల నడకలోనే. అంతదూరం వచ్చారు కాబట్టి వెళ్లేటప్పుడు లా టకేరియాలో ఒక్క కోడి బురీటో ‘దొరాదో’ అని చెప్పి కట్టించుకో. అంటే చుట్టిన బురీటోని పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చి ఇస్తారు. మెనూ బోర్డు మీద ఉండదు, అడగాలి. పదం గుర్తుండకపోతే మన ‘దోరగా’ని తలుచుకో, నోటికి అదే వస్తుంది. ఇంటికెళ్లాక ఫాయిల్ తీసేసి పెనం మీద వేడిచేస్తే కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టావంటే మెత్తగా సాగిపోతుంది.

ఒక చిన్న సంగతి. తినేటప్పుడు ఫాయిల్ మొత్తం ఒలిచెయ్యొద్దని పెద్దవాళ్లకి ముందే చెప్పు. అరటిపండు తొక్కలా కొంచెం కొంచెంగా దించుకుంటూ తినాలి. మా అమ్మ మొదటిసారి పళ్లెంలో పెట్టి, పొట్లం విప్పినట్టు విప్పేసి, అన్నం, బీన్సు కలుపుకుని చేత్తో తింది. అదీ బాగానే ఉందంది. మీ అత్తగారు అలా తింటానంటే తిననివ్వు.

ప్రశ్న: ఆంటీ, నేను శాన్ హోసేలో ఎం.ఎస్. చేస్తున్నాను. రూమ్‌లో నలుగురం ఉంటాం. మాకు కడుపు నిండడం ముఖ్యం. ఏ కొట్టులో బురీటో ఎక్కువ బరువుంటుందో అదొక్కటి చెప్పండి చాలు. ఇంకోటి, చిపోట్లే అనే బురీటోల చెయిన్ రెస్టారెంటు మా ఇంటి కిందే ఉంది. అంతదూరం రావడం ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, బరువు అడిగావు కాబట్టి నేను చేసిన పనొకటి చెబుతాను.

కొన్నాళ్ల కిందట రెండు కొట్ల నుంచి రెండు కోడి బురీటోలు ఇంటికి తెచ్చాను. రెంటి ధరకీ తేడా డాలరులోపే. ఒకటి చేతిలో పట్టుకుంటే ఇటుకలా ఉంది. రెండోది దానికంటే బాగా తేలిక. వంటింట్లో త్రాసు పెట్టుకుని, రెండు స్టీలు పళ్లేల్లో విప్పి, టోర్టియా ఒక పక్క, అన్నం ఒక పక్క, బీన్సు, కోడి, చీజ్ వేరుచేసి తూచాను. బరువైనదాన్లో సగానికి పైగా అన్నమే. అదీ నీళ్లోడుతున్న అన్నం, బీన్సు వడగట్టకుండా వేసినందువల్ల. కోడి వెతుక్కుంటే నాలుగు చెంచాలు. తేలికదాన్లో కోడి దగ్గర దగ్గర దానికి రెట్టింపు. పైగా ప్రతి ముక్కకీ కాల్చిన అంచు ఉంది. బరువు చూసి కొన్నవాడు అన్నానికి డబ్బిచ్చినట్టు. కొట్ల పేర్లు ఇక్కడ రాయను. ఒక్కరోజు తూచినదాన్నిబట్టి ఎవరినీ తక్కువ చెయ్యకూడదు.

నువ్వు వెళ్లినప్పుడు త్రాసు అక్కర్లేదు, కౌంటరు దగ్గర నిలబడి చూస్తే చాలు. ముందు టోర్టియాని మూతలాంటి యంత్రం కింద పెట్టి ఆవిరి పట్టిస్తారు. కొన్నిచోట్ల పెనం మీద వేస్తారు. అది మెత్తబడి చేతి మీద గుడ్డలా వాలుతుంది. దాన్ని ఫాయిల్ మీద పరిచి అన్నం వేసేటప్పుడు గరిటెని చూడు. నిండు గరిటెలు రెండు పడితే ఇక మాంసానికి చోటుండదు. బీన్సుని చిల్లుల గరిటెతో తీసి ఒక్కసారి విదిలిస్తున్నారా, లేదా చూడు. ఆ విదిలింపు ఉన్నచోట చివరి ముద్ద దాకా టోర్టియా చిరగదు. ఇక చుట్టే చెయ్యి. రెండు పక్కల అంచులూ లోపలికి మడిచి, దగ్గరి అంచుని బొటనవేళ్లతో ఎత్తి మీదికి తెచ్చి, మిగతా వేళ్లతో లోపలి సరుకుని వెనక్కి అదిమి, ఒక్క దొర్లింపు. అనుభవం ఉన్నవాళ్లకి మూడు నాలుగు క్షణాల పని. ఆ అదమడంలోనే అన్నీ కలిసి కూర్చుంటాయి. అది వదులుగా చేస్తే మొదటి సగం అంతా అన్నం, రెండో సగం అంతా సవర్ క్రీమూ వస్తాయి.

అన్నం తగ్గించమని అడగడానికి మొహమాటపడొద్దు. స్పానిష్‌లో ‘పోకో అరోస్, మాస్ ఫ్రిహోలెస్, పోర్ ఫవోర్’ అను. కొంచెం అన్నం, ఎక్కువ బీన్సు, దయచేసి అని. ఎన్నోసార్లు అడిగాను, ఒక్కరూ విసుక్కోలేదు. బీన్సు ఎక్కువైతే నీకే మంచిది, సాయంత్రం దాకా ఆకలి వెయ్యదు. రెగ్యులర్‌కీ సూపర్‌కీ తేడా చీజ్, సవర్ క్రీమ్, అవకాడో లేదా గ్వాకమోలే (మెదిపిన అవకాడో). విద్యార్థివి కాబట్టి రెగ్యులర్ తీసుకుని, ఇంట్లో ఒక అవకాడో కోసుకో. ఊరికే ఇచ్చే సల్సా నిండుగా వేసుకో. ఒకటి తెచ్చుకుని ఇద్దరు పంచుకున్నా, సగం మధ్యాహ్నం, సగం రాత్రి తిన్నా రెండు పూటలు గడుస్తాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా లెక్క అదే. అప్పుడు నాలుగైదు డాలర్లకి వచ్చేది.

ఇప్పుడు ఈ కొట్లలో సూపర్ బురీటో ఇంచుమించు 12 నుంచి 17 డాలర్ల మధ్య ఉంది. దాని మీద 8.625 శాతం అమ్మకం పన్ను. మండిపోతోందని అందరూ అంటారు, నాకూ మండుతుంది. కానీ ఒక బురీటో వెనకాల ఎంతమంది చేతులున్నాయో లెక్కపెట్టు: మాంసం కోసేవాళ్లు, పెనం దగ్గరివాళ్లు, చుట్టేవాళ్లు, సల్సాలు నూరేవాళ్లు, బల్లలు తుడిచేవాళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2025 జులైలో గంటకి కనీస వేతనం 19.18 డాలర్లు అయింది. ఆ ఊళ్లో ఇంటద్దెలు చూస్తే అది వాళ్లకీ చాలదు. పొద్దున్నే వచ్చి ఉల్లిపాయలు తరిగే ఆ మనుషులకి నా డబ్బులో కొంత వెళ్తోందంటే నాకు బాధ లేదు. మాంసం తగ్గించి అన్నంతో నింపినచోటే నాకు బాధ.

చిపోట్లే గురించి అడిగావు. దాన్ని పెట్టిన స్టీవ్ ఎల్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టార్స్ అనే రెస్టారెంటులో వంట చేసేవాడు. ఈ మిషన్ కొట్లు చూసే ఆ ఆలోచన వచ్చి, 1993లో డెన్వర్‌లో మొదటిది తెరిచాడు. కాబట్టి మీ ఇంటి కింద ఉన్నదానికి పుట్టిల్లు ఇదే. శుభ్రంగా ఉంటుంది, దాన్లో ఏముందో రాసి ఉంటుంది, వారంలో రెండుసార్లు తింటే తప్పులేదు. కానీ చుట్టాక పెనం మీద దోరగా కాల్చిన బురీటో అక్కడ దొరకదు. పొగలు కక్కే పెనం నుంచి మాంసం నేరుగా టోర్టియాలోకి రావడం కూడా చూడవు. నలుగురూ కలిసి ఒక ఆదివారం రండి, రెండు కొట్లలో రెండు కొనుక్కుని నాలుగు సగాలు చేసుకోండి. ఆ తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మేము శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. వెజిటేరియన్ బురీటో అని బోర్డు మీద ఉంటే నమ్మి తినొచ్చా?
– ఒక పాఠకురాలు, సన్నీవేల్

జవాబు: బోర్డుని నమ్మొద్దండీ, అడిగి తినండి. ఇది మోసం గురించి అంటున్న మాట కాదు. చాలామంది దృష్టిలో వెజిటేరియన్ అంటే మాంసం ముక్క లేనిది. వండిన కొవ్వు, ఉడికించిన రసం వాళ్ల లెక్కలోకి రావు.

చూసుకోవలసినవి చెబుతాను. మొదటిది మెదిపిన బీన్సు, రీఫ్రైడ్ బీన్స్ అంటారు. వాటిని సంప్రదాయంగా మాంతెకాలో, అంటే పందికొవ్వులో వేయిస్తారు. గింజలు గింజలుగా ఉండే పింటో, నల్ల బీన్సు కొంత నయం. కానీ వాటిలోనూ రుచికి మాంసం వేసి ఉడికించే కొట్లు ఉంటాయి. రెండోది అన్నం. ఎర్రగా కనిపించే ఆ అన్నాన్ని టమాటాతో పాటు కోడి రసంలో ఉడికించడం మామూలు. మూడోది టోర్టియా. చాలాచోట్ల ఇప్పుడు నూనె, వనస్పతిలాంటివే వాడతారు గాని పందికొవ్వు వేసేవీ ఉన్నాయి. ఇక పెనం, గరిటెలు అందరికీ ఒకటే. ఆ పట్టింపు ఉన్నవాళ్లు ఈ తిండి జోలికే వెళ్లకపోవడం మంచిది. చీజ్‌కి పాలు విరగ్గొట్టడానికి వాడే రెనెట్ (దూడ కడుపు నుంచి తీసేది కావచ్చు) పట్టింపు ఉంటే చీజ్ వద్దనండి.

‘వెజిటేరియనేనా’ అని అడిగితే అవునంటారు. అలా అడక్కండి. ‘తియెనె మాంతెకా?’ అనండి, పందికొవ్వు ఉందా అని. ‘తియెనె కాల్దో దె పోయో?’ అనండి, కోడి రసం ఉందా అని. సూటిగా అడిగితే సూటిగా చెబుతారు. తెలియకపోతే లోపలికెళ్లి కనుక్కుని వస్తారు.

ఇది నేను నేర్చుకున్నది మా అమ్మ దగ్గర. కార్తీకమాసంలో వచ్చింది ఒకసారి. పేరు చెప్పను, ఒక కొట్టుకి తీసుకెళ్లాను. కూరగాయల బురీటో అడిగి ఇప్పించాను. అమ్మ సగం తిన్నాక, నీళ్ల కోసం లేచి కౌంటరు దాకా వెళ్లాను. వెనక అరలో పెద్ద డబ్బా, దాని మీద కోడిపెట్ట బొమ్మ. అన్నంలో వేసేదేనా అని అడిగితే అవునన్నారు, పాపం ఏ దాపరికమూ లేకుండా. అమ్మకి అక్కడే చెప్పేశాను. మిగతాది పక్కన పెట్టి, ‘వాళ్లకేం తెలుసు మన సంగతి, అడగాల్సింది నువ్వు కదా’ అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆరోజు నుంచి ఎవరిని తీసుకెళ్లినా ఆ రెండు ప్రశ్నలూ అడిగాకే డబ్బు తీస్తాను.

అన్నం తేడాగా ఉందని తేలితే అన్నం వద్దని, నల్ల బీన్సు, కాల్చిన కూరగాయలు, అవకాడో, పికో దె గాయో పెట్టించుకోండి. చివరిది మన కచ్చుంబర్‌లాంటిది: టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం. చాలా రుచిగా ఉంటుంది.

ప్రశ్న: చెల్లెమ్మా, మీరు లా టకేరియాని అంత పొగిడారు. మా అబ్బాయి తీసుకెళ్లాడు. తీరా చూస్తే లోపల అన్నమే లేదు! అన్నం లేకుండా అది భోజనం ఎట్లా అవుతుంది? ధర చూస్తే అందరికంటే తక్కువేం కాదు.
– ఒక పెద్దాయన, డబ్లిన్ (కాలిఫోర్నియా)

జవాబు: అన్నయ్యగారూ, మీ ప్రశ్నలో న్యాయం ఉంది. అన్నం లేని పూటని భోజనం అనడం నాకూ కష్టమే. తెనాలిలో పుట్టినదాన్ని.

కానీ బురీటోకి అన్నం పుట్టుకతో వచ్చింది కాదు. ఉత్తర మెక్సికోలో ఇప్పటికీ సన్నగా, పొడవుగా, మాంసం కూరో బీన్సో మాత్రమే పెట్టి చుడతారు. 1895లో అచ్చయిన ఒక మెక్సికన్ నిఘంటువులోనే ఈ మాట ఉంది: చుట్టిన టోర్టియా, లోపల మాంసం లాంటిది. అన్నం, బీన్సు, మాంసం, క్రీము అన్నీ కుక్కి ఒక పూట భోజనాన్ని చేతిలో పెట్టడం ఈ మిషన్ పేటలో మొదలైంది. ఎల్ ఫారో అనే కొట్టువాళ్లు (ఫరోలితో కాదు, ఇది వేరే) 1961 సెప్టెంబరులో తామే మొదట చేశామంటారు. పక్కనున్న అగ్నిమాపక కేంద్రం నుంచి సిబ్బంది వచ్చి శాండ్‌విచ్‌లు అడిగారట. బ్రెడ్డు లేదు. మర్నాడు టోర్టియాలు తెచ్చి, ఒకటి చాలక పక్కపక్కనే అతికించి చుట్టి ఇచ్చారట. లా కుంబ్రే అనే ఇంకో కొట్టువాళ్లేమో 1969 సెప్టెంబరులో తామే మొదలుపెట్టామంటారు. వలెన్సియా వీధిలో వాళ్లది అంతకుముందు మాంసం దుకాణం. ఎవరి మాట నెగ్గినా, ఒళ్లొంచి పనిచేసేవాళ్లకి ఒక్క పొట్లంలో పూట గడవాలన్నదే ఆ అన్నం వెనకున్న అవసరం.

లా టకేరియా వాళ్లు మొదట్నుంచీ అన్నం పెట్టకూడదని పట్టుదలగా ఉన్నారు. ఆ చోటు మాంసానికి, బీన్సుకి పోతుంది, అందుకే ఆ ధర. అన్నం ఉంటే రసాన్ని పీల్చుకుంటుంది. లేకపోతే రసం కారుతుంది. కాబట్టి అక్కడ దొరాదో అడగాలి, పైన కాలిన పొర ఆ రసాన్ని ఆపుతుంది. మీరు మామూలుగా అడిగి ఉంటారు, చేతుల మీద కారి ఉంటుంది. ఈసారి కాల్పించుకుని చూడండి. అప్పటికీ మనసొప్పకపోతే ఫరోలితోకి వెళ్లండి, అక్కడ అన్నానికి లోటు లేదు. రెండు కొట్ల మధ్యా ఒక్క వీధి దూరం.

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్. చదువుతుంటే నోరూరుతోంది. ఇక్కడ దొరికేవి అసలైనవేనా? ఇంట్లో చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: కాలిఫోర్నియా బురీటో అని ఒక సంస్థ ఉంది. ఒక అమెరికన్ 2012లో బెంగళూరులో మొదలుపెట్టాడు, మీ ఊళ్లోనూ శాఖలున్నాయి. కౌంటరు ముందు నిలబడి ఏది కావాలో చెప్పి వేయించుకునే పద్ధతి ఈ మిషన్ కొట్లదే. పేరు చూసి పొరబడకండి, శాన్ డియేగోలో కాలిఫోర్నియా బురీటో అంటే లోపల బంగాళాదుంప ఫ్రైస్ పెట్టేది, అది వేరే.

ఇంట్లో సులువే. మైదాలో కొంచెం నూనె, ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కలిపి, గంట నాననిచ్చి, రుమాలీ రొట్టెకి దగ్గరగా పల్చగా, వెడల్పుగా ఒత్తండి. పెనం బాగా వేడెక్కాలి. రెండు పక్కలా మచ్చలు రాగానే తీసి, గుడ్డలో చుట్టి ఉంచండి, లేకపోతే చుట్టేటప్పుడు విరుగుతుంది. పింటో బీన్సు దొరక్కపోతే రాజ్మా. నల్ల బీన్సు బదులు అలసందలు నాకు బాగున్నాయి. అన్నం మాత్రం పొడిపొడిగా వార్చుకోండి. సల్సాకి టమాటా, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి మంట మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు, నిమ్మరసంతో కచ్చాపచ్చాగా నూరండి. మిక్సీలో నున్నగా తిప్పకండి. చుట్టాక పెనం మీద దోరగా కాల్చడం మర్చిపోవద్దు.

ప్రశ్న: పిన్నీ, బురీటోతో పాటు ఏం తాగాలి? కోక్ తప్ప నాకేం తెలియదు. – ఒక అమ్మాయి, డేలీ సిటీ

జవాబు: ‘ఆగ్వా ఫ్రెస్కా’ అని కౌంటరు మీద పెద్ద గాజు జాడీల్లో ఉంటాయి చూడు తల్లీ. తెల్లగా ఉండేది ఓర్చాతా: బియ్యం నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్క, పంచదార వేసినది. కారం ఎక్కువైనప్పుడు హాయిగా ఉంటుంది. గోధుమరంగుది చింతపండు, పేరు కూడా తమరిందోనే. ముదురు ఎర్రగా ఉండేది హమైకా. అది తాగు.

హమైకా అంటే మన ఎర్ర గోంగూర జాతి మొక్కదే. కాయ చుట్టూ ఉండే పుల్లటి ఎర్ర రేకల్ని ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. 24వ వీధిలో సరుకుల కొట్లలో ఎండు రేకలు ప్యాకెట్లలో అమ్ముతారు. ఆ వీధిలోనే లా పాల్మా అని 1953 నుంచి ఉన్న కొట్టుంది, చేత్తో ఒత్తిన మొక్కజొన్న టోర్టియాలకి పేరు. అవి ఒక డజను, ఇవి ఒక ప్యాకెట్ తెచ్చుకో. కార్తీకమాసం గొడవ జరిగిన మర్నాడు నేను అమ్మకి హమైకా కాచి ఇచ్చాను, పంచదార బదులు బెల్లం వేసి. ఒక గుక్క తాగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, ‘ఏమే, ఇది మన గోంగూర కాదూ?’ అంది. మిగిలిన రేకల్ని ఆ సాయంత్రమే నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి, మెంతులు వేయించి పచ్చడి నూరింది. రెండు వారాలు లా పాల్మా టోర్టియాల్లో అదే పెట్టుకు తిన్నాం.